మోకాలి కింది గుడ్డ

మా తమ్ముడు గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల అక్కడి స్నేహితుడి పెళ్ళికి వెళ్ళి దిగిన ఫొటోలు రెండు నా ఫోనుకు పంపాడు. నల్లకోటు, మెడకు బో, మోకాళ్ళ దాకా ఉన్ని మేజోళ్ళు... అంతా దర్జాగానే ఉంది. నడుముకు మాత్రం ప్యాంటు లేదు. ఎరుపూ ఆకుపచ్చా గళ్ళ గుడ్డ ఒకటి, కుచ్చిళ్ళు పోసి, సరిగ్గా మోకాలి చిప్ప దగ్గర ఆగేట్టు కట్టి ఉంది. దాని ముందు చిన్న తోలుసంచి వేలాడుతోంది.

ఆవేళ నేను రఘునాథపల్లిలో మా బాపు దగ్గర ఉన్నాను. వాకిట్లో మంచం మీద కూచున్న ఆయనకు ఫోను చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏందిది బిడ్డా? వీడు గాగ్ర కట్టిండేంది?"

"గాగ్ర కాదు బాపూ, కిల్టు అంటారు. స్కాట్లండులో మగవాళ్ళు పెళ్ళికీ పండుగకూ కట్టుకునే బట్ట."

రెండో ఫొటోలో తమ్ముడు వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. దాన్ని పెద్దది చేయించుకుని మరీ చూశాడు బాపు. "కుచ్చిళ్ళయితే మంచిగనే పోసిండు. మరి ముంగట ఉండవలసినయి ఎనుకకు పోయినయేంది?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. నిజమే, కిల్టు కుచ్చిళ్ళు వెనక ఉంటాయి, మన దోతి కుచ్చిళ్ళు ముందుంటాయి. ఆ తేడా పట్టుకోగలిగింది జీవితమంతా కుచ్చిళ్ళు పోసుకున్న మనిషి గనుకనే. ఇంతకీ, కొడుకు గాగ్ర కట్టాడని ముక్కున వేలేసుకున్న ఆ పెద్దమనిషి నడుముకు అప్పుడున్నదేమిటనుకున్నారు? నీలం గళ్ళ లుంగీ!

అక్కడ మొదలైంది నా ఆలోచన. కాళ్ళను విడివిడిగా కాక రెంటినీ కలిపి చుట్టే బట్టను ఆడవాళ్ళు కడితే లంగా అంటాం, పావడా అంటాం. మగవాడు కడితే లుంగీ అంటాం. తెల్లవాడు కడితే కిల్టు అంటాం. పేరు మారినప్పుడల్లా మన మొహంలో నవ్వో, గౌరవమో, చిన్నచూపో కూడా మారిపోతుంది. గుడ్డ మాత్రం గుడ్డే. దానికి మర్యాదా అమర్యాదా అంటగట్టేది ఎవరు?

మాటల సంగతే ముందు చూడండి. 'చీర' అనగానే మనకు ఆడవాళ్ళే గుర్తొస్తారు. కానీ రాముడు అడవికి పోయేటప్పుడు కట్టుకున్నవేమిటి? నారచీరలు. అన్నీ, ఆ కథ చెప్పే అమ్మమ్మా, వినే పిల్లలూ ఎవరూ దానికి ఆశ్చర్యపడరు. ఒకప్పుడు చీర అంటే వస్త్రం, అంతే. 'కోక' సంగతీ అదే. శ్రీనాథ మహాకవి కర్ణాట రాజ్యానికి వెళ్ళి, రాజదర్శనం దొరక్క విసిగిపోయి చెప్పాడనే చాటువొకటి ఉంది. దర్శనం కోసం తాను నెత్తిన కుళ్ళాయి పెట్టాననీ, కోక చుట్టాననీ, పొడుగాటి కుప్పసం తొడిగాననీ వాపోతాడు. కోక చుట్టుకున్నది ఆడమనిషి కాదు సుమండీ, కవిసార్వభౌముడు! అంటే 15వ శతాబ్దం నాటికే రెండు సంగతులు తేలిపోయాయన్నమాట. ఒకటి, కోకకు ఆడా మగా తేడా లేదు. రెండు, పెద్దల గడప తొక్కాలంటే ఎంతటివాడైనా తన ఒంటికి అలవాటు లేని వేషం వెయ్యక తప్పదు.

రామప్ప గుడి 1213లో కట్టింది. దాని శిల్పాల్లో మగవాళ్ళ నడుముల వంక చూడండి. చాలామటుకు చుట్టిన గుడ్డలే, కుచ్చులు వేలాడే గుడ్డలే. ఆ కుచ్చుల్ని రాతిలో చెక్కడానికి శిల్పులు పడ్డ శ్రమ చూస్తే, మగవాడి నడుముగుడ్డ మీద వాళ్ళకెంత శ్రద్ధో తెలుస్తుంది.

మరి కాళ్ళు విడదీసే బట్ట మగవాళ్ళదీ, విడదీయనిది ఆడవాళ్ళదీ అన్న లెక్క ఎక్కడిది? మా నాయనమ్మను చూస్తే ఆ లెక్క పూర్తిగా తప్పిపోయేది. ఆమె జీవితాంతం గోచి పెట్టి చీర కట్టింది. నాటుకు దిగినా, కలుపు తీసినా, బండెక్కినా ఆమె చీర రెండు కాళ్ళకూ విడివిడిగా, లాగులాగే ఉండేది. అదే సమయంలో మా తాత సాయంత్రం స్నానం చేసి, గోచి లేకుండా నడుముకొక గుడ్డ చుట్టుకుని వాకిట్లో కూచునేవాడు. అంటే మా ఇంట్లో లాగు కట్టింది నాయనమ్మ, పావడా కట్టింది తాత! ఎవరి మగతనానికీ, ఎవరి ఆడతనానికీ దాంతో లోటు రాలేదు. పనికి గోచి, తీరికకు చుట్టుగుడ్డ. మగా ఆడా అన్నది దాని తర్వాతి మాట.

కానీ ఇంకో లెక్క మాత్రం ఉండేది. అది ఆడమగ లెక్క కంటే చాలా గట్టిది. ఎవరి గుడ్డ ఎంత కిందికి దిగవచ్చునన్న లెక్క.

ఆ లెక్కకు సంబంధించిన కథ మా మండలంలోనే ఒకటుంది. రఘునాథపల్లి నుంచి ఖిలాషాపూర్ ఎంతో దూరం లేదు. అక్కడి కోట సర్వాయి పాపన్నది. కల్లుగీత కులంలో పుట్టినవాడు. తాటిచెట్టు ఎక్కేవాడి వేషం ఎలా ఉంటుందో మనకు తెలుసు. నడుముకు మోకు, ముస్తాదు, మొలకు బిగించిన గోచి. అంతకు మించి గుడ్డ ఉంటే చెట్టెక్కడం కుదరదు. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడు సైన్యాన్ని కూడగట్టి, కోట కట్టి, 1708లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లు మీద పడి కొల్లగొట్టాడు. ఔరంగజేబు పోయిన మరుసటి ఏడాది అది.

అప్పటి మొగలు చక్రవర్తి బహదూర్ షా 1709లో హైదరాబాదు వచ్చి దర్బారు తీర్చాడు. పాపన్న ఆ దర్బారుకు కానుకలతో వెళ్ళాడు. 14 లక్షల రూపాయలూ, దండుకు కావలసిన ధాన్యమూ ఇచ్చాడని పారసీ చరిత్ర చెబుతుంది. దానికి బదులుగా చక్రవర్తి ఆయనకు ఖిల్లత్తు ఇచ్చాడు. ఖిల్లత్తు అంటే సన్మానపు అంగరఖా. ఇప్పటి శాలువాలాంటిది కాదు. పాదుషా చేతిమీదుగా అది ఒంటిమీదికి వచ్చిందంటే, ఆ మనిషి పాదుషా మనిషయ్యాడని లెక్క.

ఇంకేముంది! నగరంలోని పెద్దింటివాళ్ళు భగ్గుమన్నారు. పాపన్న ఓరుగల్లులో ఆ పెద్దిళ్ళ ఆడవాళ్ళను పట్టుకుపోయాడన్న కోపం వాళ్ళకు ఎలాగూ ఉంది. ఆ కోపం అన్యాయమని నేననను. కానీ వాళ్ళ మొరలో ఇంకో ముల్లు కూడా ఉంది. కల్లు గీసేవాడి ఒంటిమీద పాదుషా వస్త్రమా అన్నది. చక్రవర్తి మనసు మార్చుకున్నాడు. పాపన్నను అణచమని సైన్యాన్ని పంపించాడు. 1710లో పాపన్నను పట్టుకుని చంపేశారు. చరిత్రకారులు పాపన్నను దొంగ అన్నారు, వీరుడన్నారు. మా ఊళ్ళ పక్క జనం పాటలు కట్టుకున్నారు. నాకు మాత్రం ఖిలాషాపూర్ కోట గోడ చూసినప్పుడల్లా ఆ అంగరఖాయే గుర్తొస్తుంది. ఒంటిమీద వేసుకున్న బట్ట ఒకటే, దాన్ని చూసి మండిపడ్డ కళ్ళు ఎన్నో.

ఆ కళ్ళు పాపన్నతో పోలేదు. మా తాత చిన్నప్పుడు ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు. ఆయన చెప్పేవాడు: "గడీ కమాను కనపడంగనే చెప్పులు చేతికి రావాలె. తలకు చుట్టిన రుమాలు సంకల కిందికి పోవాలె. దోతి మోకాళ్ళ మీదికి రావాలె." పాదాల దాకా జారే దోతి దొరది, పటేలుది. మోకాళ్ళ మీది గుడ్డ జీతగాడిది. కొనే స్తోమత లేకపోవడం ఒక కారణం. స్తోమత ఉన్నా కట్టే ధైర్యం లేకపోవడం ఇంకో కారణం. "అంత పొడుగు దోతి ఏం చేసుకుంటవురా, ఊరు ఊడుస్తవా?" అని ఒకసారి ఒకడిని అడిగారట. అడిగినవాళ్ళు నవ్వారు. అడిగించుకున్నవాడు మళ్ళీ ఆ దోతి కట్టలేదు.

ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. ఇప్పుడు మన పల్లెల్లో లుంగీ ఎగ్గట్టుకుని పోతున్న కుర్రవాడికి పెద్దవాళ్ళు ఎదురైతే, చటుక్కున మడత విప్పి కిందికి దించుకుంటాడు. అది మర్యాద. ఎగ్గట్టి నిలబడితే పొగరు. ఆనాడు గడీ ముందు దించితే పొగరు, ఎగ్గడితే మర్యాద. ఒకే గుడ్డ, ఒకే మోకాలు! దించడమూ ఎత్తడమూ కాదు, ఎదుటివాడు ఏది కోరుతాడో అదే మర్యాద అయి కూచుంటుంది.

దోతి అన్న మాట సంస్కృతంలో 'ఉతికినది' అన్న అర్థం నుంచి వచ్చిందంటారు. మరి ఉతికినవాళ్ళెవరు? మా జనగామ పక్కనే పాలకుర్తి. చాకలి ఐలమ్మ ఊరు. ఏ గడీలో ఎంత పొడుగు బట్ట ఉంటుందో, ఏ గుడిసెలో ఎన్ని చిరుగులుంటాయో చాకలి చేతులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఐలమ్మ కౌలుకు తీసుకుని సాగుచేసిన పొలాన్ని విసునూరు దేశ్‌ముఖు కాజేయబోతే, ఆమె సంఘం అండతో పంట ఇంటికి చేర్చుకుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు. ఆ పోరాటం భూమి కోసం, వెట్టి పోవడం కోసం. దాని చరిత్రలో దోతుల ప్రసక్తి ఎవరూ ప్రత్యేకంగా రాయరు. కానీ మా తాత దృష్టిలో దాని ఫలితం ఒక దోతి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయాక, కూలి డబ్బు కూడబెట్టి జనగామలో తెల్లటి మిల్లుదోతి కొన్నాడు. పాదాల మీద కుచ్చిళ్ళు పడేట్టు కట్టుకుని, చెప్పులు కాళ్ళకే ఉంచుకుని, అవసరం లేకపోయినా ఆ గడీ ముందు నుంచి ఒకసారి నడిచొచ్చాడు. "అంచంతా బురద చేసుకొచ్చిండు. ఉతకలేక నా పానం పోయింది" అనేది నాయనమ్మ. అనేటప్పుడు మాత్రం ఆమె మొహం వెలిగిపోయేది.

ఈ గుడ్డ గొడవ మన ఊళ్ళకే పరిమితమనుకునేదాన్ని. తమ్ముడి ఫొటో చూశాక స్కాట్లండు చరిత్ర తిరగేస్తే, అక్కడ ఏకంగా చట్టమే కనిపించింది.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ అనే చోట స్కాట్లండు కొండప్రాంతాల తిరుగుబాటుదార్లను లండను ప్రభుత్వ సైన్యం ఓడించింది. ఆ ఏడే పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొండప్రాంతపు వేషం, అంటే కిల్టూ, గళ్ళ ఉన్నిగుడ్డా, మగవాళ్ళుగానీ మగపిల్లలుగానీ ధరించకూడదు. మొదటిసారి దొరికితే 6 నెలల జైలు. రెండోసారి దొరికితే సముద్రాలు దాటించి 7 ఏళ్ళ ప్రవాస శిక్ష. ఒక్క నడుముగుడ్డకు! అయితే ఒక మినహాయింపు ఉంది. రాజుగారి సైన్యంలో చేరితే అదే కిల్టు నిక్షేపంగా కట్టుకోవచ్చు. అర్థమైంది గదా? బట్ట మీద వాళ్ళకు కోపం లేదు. ఆ బట్ట కట్టుకున్నవాడు తమ చెప్పుచేతల్లో ఉన్నాడా లేదా అన్నదే వాళ్ళ చింత.

ఆ చట్టాన్ని 1782లో ఎత్తేశారు. 36 ఏళ్ళు. అంటే చట్టం వచ్చిననాడు పుట్టిన పిల్లవాడు తన పిల్లలకు తండ్రయ్యేదాకా కిల్టు కట్టలేదన్నమాట. తర్వాతి తమాషా చూడండి. 1822లో ఇంగ్లండు రాజు నాలుగో జార్జి ఎడింబరో వచ్చాడు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ సంబరాలకు పెద్ద. రాజుగారు స్వయంగా కిల్టు కట్టుకుని దర్శనమిచ్చారు! నిన్న జైల్లో పెట్టించిన గుడ్డను నేడు రాజే కట్టాడు. రాజు కట్టాక ఇంక చెప్పేదేముంది, అది దేశమర్యాద అయిపోయింది. ఇప్పుడక్కడ పెళ్ళికొడుకులకు అదే పట్టుబట్ట. సంప్రదాయంగా కుట్టే ఒక కిల్టుకు 8 గజాల దాకా ఉన్నిగుడ్డ పడుతుందట. 6 గజాల చీర మోస్తున్నామని వాపోయే మనం ఇక నోరు మూసుకోవడం మంచిది.

మన లుంగీకి రాజుల దీవెన లేదు గానీ, దేశాటనం మాత్రం చాలా ఉంది. జనగామ బట్టల కొట్లో 'పాలికాట్ లుంగీ' అని అడిగి కొనేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, అది ఊరి పేరు. మన నెల్లూరు సీమను ఆనుకుని, తమిళనాడు అంచున ఉన్న పులికాట్. డచ్చివాళ్ళు 1610 ప్రాంతంలో అక్కడ దిగి, కోట కట్టి, చుట్టుపక్కల నేతగాళ్ళ దగ్గర గుడ్డలు కొని తూర్పుదీవులకు పంపేవారు. ఇవాళ్టికీ మలేషియాలో మగవాళ్ళు ఇంట్లో కట్టుకునే, మసీదుకు కట్టుకుపోయే గళ్ళ లుంగీని 'కాయిన్ పెలీకత్' అంటారు. కాయిన్ అంటే గుడ్డ, పెలీకత్ అంటే పులికాట్! మన ఊరి పేరు నాలుగు వందల ఏళ్ళుగా వాళ్ళ నడుముకు చుట్టుకుని ఉంది.

చీరాల నేతగాళ్ళు నేసిన తేలియా రుమాళ్ళ కథా అలాంటిదే. ఆముదపు బూడిదలో, నూనెలో నూలును నానబెట్టి, ఎర్రగా నల్లగా అద్దకం వేసి చదరంగా నేసేవారు. అవి అరబ్బుల తలలకు ఎక్కాయి. ఇక్కడి జాలర్లకు తలగుడ్డా అదే, లుంగీ అదే. మా వైపు పుట్టపాక నేతగాళ్ళు ఆ విద్యను నిలబెట్టారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

రంగం వెళ్ళిన మన తీరాంధ్ర కూలీల సంగతి సరేసరి. మనం లుంగీ అనేదాన్ని బర్మావాళ్ళు లోంజీ అంటారు. అక్కడ ఆఫీసరూ, గుమాస్తా, బడిపంతులూ అందరూ లోంజీలోనే పనికి పోతారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ చెరుకుతోటలకు పోయిన తెలుగువాళ్ళున్నారు. వాళ్ళు దిగిన ఆ దేశంలో మగవాళ్ళు 'సులు' కడతారు. పైన కోటూ టై, కింద మోకాళ్ళు దాటే సులు, అదీ అక్కడి ఆఫీసు వేషం. పోలీసు జవానుకు యూనిఫారమే తెల్లటి సులు. అంచు రంపపు పళ్ళలా కత్తిరించి ఉంటుంది. ఆ పోలీసును చూసి ఎవరైనా పావడా అంటారేమో చూడండి!

ఇన్నిచోట్ల గౌరవంగా బతుకుతున్న చుట్టుగుడ్డకు పుట్టింట్లో ఎందుకంత నామోషీ వచ్చింది? రైలు వచ్చింది. మా ఊరి మీదుగా పోయే ఈ లైను 1889 నాటికి బెజవాడ దాకా చేరింది. రైలుతో యూనిఫారం వచ్చింది. కచేరీ వచ్చింది, షేర్వానీ వచ్చింది, తర్వాత ప్యాంటు వచ్చింది. జీతం ప్యాంటు వేసుకున్నవాడికి వచ్చింది. జీతం ఎటుంటే మర్యాద అటు నడవడం లోకసహజం. యంత్రాల దగ్గర వేలాడే గుడ్డ ప్రమాదమన్నది నిజమే, కాదనను. కానీ భోజనాల బల్ల దగ్గర ఏ యంత్రం తిరుగుతోంది?

ఈ నామోషీని తలకిందులు చేసినవారు ఒక్కరే. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ తన నిండు వస్త్రాలు వదిలేసి, మోకాళ్ళ మీది కొల్లాయి కట్టుకున్నారు. దేశంలో బీదవాడికి ఎంత గుడ్డ ఉందో తనకూ అంతే చాలన్నారు. 1931లో లండన్‌లో అదే కొల్లాయితో, పైన శాలువా కప్పుకుని, రాజు ఐదో జార్జి ఇచ్చిన తేనీటి విందుకు బకింగ్‌హామ్ భవనానికి వెళ్ళారు. ఏ మోకాళ్ళను గడీ ముందు మా తాత భయంతో చూపించాడో, ఆ మోకాళ్ళనే ఆయన చక్రవర్తి ముందు నిర్భయంగా చూపించారు. అయితే ఒకటి, గాంధీజీకి ఎంత గుడ్డ కావాలో తేల్చుకునే అవకాశం ఉంది. మా తాతకు లేదు. తాత ఆ అవకాశం దొరికిననాడు కొల్లాయి కోరుకోలేదు, పాదాల దాకా దోతి కోరుకున్నాడు. ఇద్దరిదీ ఒకే మాటని నాకనిపిస్తుంది: నా గుడ్డ కొలత నేను చెబుతాను, నువ్వు కాదు.

మన ఓరుగల్లు బిడ్డ పి.వి. నరసింహారావు 1991లో ప్రధానమంత్రి అయ్యారు. ఆయనను దోతిలో చూశాం. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పంచెకట్టుతో చేవెళ్ళ నుంచి పాదయాత్ర చేస్తే, ఊరూరా కుర్రాళ్ళు పంచెలు కట్టారు. సినిమా హీరో లుంగీ ఎగ్గడితే ఈలలు పడతాయి. అంతా బాగానే ఉంది గానీ, హీరో కానివాడు, మంత్రి కానివాడు కట్టి వస్తేనే వస్తుంది చిక్కు. 2014 జూలైలో చెన్నైలో ఒక క్లబ్బుకు వేష్టి కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే గేటు దగ్గర ఆపేశారు. ఆ ఆగస్టులోనే తమిళనాడు శాసనసభ చట్టం చేయవలసి వచ్చింది, దేశీయ దుస్తుల్లో వచ్చినవాళ్ళను అలా ఆపకూడదని. 2024 జూలైలో బెంగుళూరులో కొడుకుతో సినిమాకు వచ్చిన ఒక ముసలి రైతును పంచె కట్టాడని మాలులోకి రానివ్వలేదు. ప్రభుత్వం ఆ మాలును 7 రోజులు మూయించింది. న్యాయమూర్తికి చట్టం వచ్చింది, రైతుకు పత్రికల అండ దొరికింది. ఏ అండా లేకుండా వెనక్కి తిరిగిపోయినవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు?

వాళ్ళలో ఒకరిని నేనెరుగుదును.

రెండేళ్ళ కిందట నగరంలో నా నవల మీద చిన్న సభ జరిగింది. ఎవరో స్నేహితులు ఒక క్లబ్బులో హాలు మాట్లాడారు. బాపు ఊరి నుంచి వచ్చాడు. తెల్లదోతి, తెల్లఅంగీ, భుజాన కండువా. సభ మొదలయ్యే హడావుడిలో నేను ముందే లోపలికి వెళ్ళిపోయాను. ముందు వరుసలో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. సభ అయ్యాక బయటికొస్తే, రోడ్డుకవతల చెట్టు కింద కూచుని ఉన్నాడు. "లోపల ఉక్కపోస్తదని ఈడనే కూసున్న బిడ్డా. మంచిగయిందా?" అన్నాడు. నమ్మాను. వారం తర్వాత కారు నడిపిన అబ్బాయి చెప్పాడు, గేటు దగ్గర ఆపి, ప్యాంటు లేకపోతే కుదరదన్నారని. బాపు ఒక్క మాటా అనకుండా వెనక్కి తిరిగాడట. నా పేరు కూడా చెప్పలేదట.

క్లబ్బువాళ్ళ మీద కోపం రావడం తేలికే. నాకూ వచ్చింది. కానీ దానికంటే ముందు, ఒక్క క్షణం, ఇంకో ఆలోచన వచ్చింది. 'అదేదో ఒక్కపూటకు ప్యాంటు వేసుకుని వస్తే పోయేదిగా' అని. చదువుకున్నదాన్ని, నవలలు రాసేదాన్ని, ఆ తాత మనవరాలిని. గడీ కమాను నా నెత్తిలోనే ఉందని ఆరోజు తెలిసింది. అది ఇటుకలతో కట్టింది కాదు గనుక కూలగొట్టడం కష్టం. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. బాపుకూ చెప్పలేదు.

మళ్ళీ ఫొటో దగ్గరికి వస్తాను. బాపు ఫోను నా చేతికిచ్చి, కాసేపు ఊరుకుని అడిగాడు:

"వీణ్ని గేటు కాడ ఎవలన్న ఆపిండ్రా?"

నా గొంతుకు ఏదో అడ్డం పడింది. "లేదు బాపూ. లోపలికి పిలిచి, పెళ్ళివాళ్ళ పక్కనే కూచోబెట్టారట" అన్నాను.

"ఊఁ. మంచిది" అన్నాడు. కాస్త ఆగి, "తెల్లోళ్ళు మంచిగనే చేసిండ్రు" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

వచ్చే నెల నాకు మళ్ళీ ఒక సభ ఉంది. ఆహ్వానించినవాళ్ళకు ఫోను చేసి, మా బాపు దోతిలో వస్తాడు, మీ హాలు గేటు సంగతేమిటో ముందే చెప్పండని అడిగాను. ఇబ్బంది పడి, రెండురోజులు ఆలోచించి, సభను ఒక గ్రంథాలయానికి మార్చారు. ఈసారి నేను ముందుగా లోపలికి పోను. ఆయనతో కలిసే గేటు దాటుతాను.

ఆ సంగతి చెబితే బాపు ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం పెట్టె తెరిచి దోతి జోడా తీసి, ఇస్త్రీకి ఇచ్చి రమ్మన్నాడు. "కుచ్చిళ్ళు కాళ్ళ మీద పడాలె, అంచు మడత పోకుండ చెయ్యమను" అని రెండుసార్లు చెప్పాడు.